నరం అంటే ఏ నరం?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే కోవకు చెందినవి. నాలుగూ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచే వచ్చాయి. కాలేయ జబ్బుకు మందులు వాడుతున్నవారికి తిమ్మిర్లు, మంటలు, తూలు, వణుకు ఎందుకు వస్తున్నాయని నలుగురూ అడిగారు. అందుకని ఈసారి శీర్షికను వాటికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. పలాసలో జీడి పిక్కల పరిశ్రమలో పని చేస్తాను. నాలుగేళ్ల క్రితం కామెర్లు వస్తే విశాఖపట్నంలో పరీక్షలు చేసి, లివర్ నుంచి చిన్న ముక్క తీసి చూసి, ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (శరీరమే తన లివర్ మీద దాడి చేసే జబ్బు) అన్నారు. అప్పటి నుంచి మందులు వాడుతున్నాను. ఇప్పుడు రోజుకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 10 మిల్లీగ్రాములు, అజాథయోప్రిన్ 50 మిల్లీగ్రాములు. లివర్ పరీక్షలు బాగానే ఉంటున్నాయి. కానీ ఆరు నెలలుగా రెండు అరికాళ్లూ మంటలు, చీమలు పాకినట్లు ఉంటుంది. ఈ మధ్య చేతి వేళ్లు కూడా మొద్దుబారుతున్నాయి, రాత్రిళ్లు ఎక్కువ. మా ఊళ్లో నరాల బలహీనత అని వారానికొకటి చొప్పున పది సూదులు వేశారు. తగ్గలేదు. స్టెరాయిడ్ వల్లే నరాలు చచ్చుబడుతున్నాయి, అది మానేయమని ఇంట్లో అంటున్నారు. లివర్ జబ్బు నరాలకు పాకిందా? మందు మానవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మానవద్దమ్మా. నాలుగేళ్లుగా స్టెరాయిడ్ బయటి నుంచి అందుతూ ఉంటే, మూత్రపిండాల పైన ఉండి ఆ హార్మోనును తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుని ఉంటాయి. ఉన్నట్టుండి మాత్ర ఆపితే అవి వెంటనే అందుకోలేవు. వాంతులు, నీరసం మొదలై రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పైగా అదుపులో ఉన్న మీ లివర్ జబ్బు తిరగబెడుతుంది. ఈ జబ్బులో మందులు ఆపినవారిలో సగానికి పైగా మందికి అది తిరగబెట్టడం మామూలే. మోతాదు తగ్గించాలన్నా మీ లివర్ డాక్టరే, నెలల మీద, మెట్టుమెట్టుగా తగ్గించాలి.

ఇక నరాల బలహీనత. ఈ మాట మన దగ్గర ఎంత విరివిగా వాడుకలో ఉందో అంత అయోమయాన్నీ పెంచింది. సెలైన్ ఎక్కించేటప్పుడు నర్సు ‘నరం దొరకడం లేదు’ అంటే అది రక్తనాళం. బరువెత్తినప్పుడు ‘నరం పట్టేసింది’ అంటే అది కండరమో, దాన్ని ఎముకకు అంటిపెట్టుకుని ఉండే పట్టీయో. మీ అరికాలి మంటను మెదడుకు చేరవేస్తున్నది మూడోది, నాడీ తంతువు. మూడింటికీ ఒకే పేరు ఉండడంతో ఒకే సూదితో మూడూ బాగుపడతాయనే నమ్మకం కూడా స్థిరపడిపోయింది. బలహీనత అనేది జబ్బు పేరు కాదు. తంతువు దెబ్బతింటే దానికి ఒక కారణం ఉంటుంది, ఆ కారణాన్ని వెతకాలి.

లివర్ జబ్బు నరాలకు పాకదు. అయితే ఏ కారణం వల్లనైనా లివర్ బాగా గట్టిపడి సిర్రోసిస్ దశకు చేరితే, చాలామందిలో పొడవైన నరాలు కొంత మందగిస్తాయి. అది ఎక్కువగా స్వల్పంగానే ఉంటుంది, పరీక్ష చేస్తే తప్ప కొందరికి తెలియను కూడా తెలియదు. మీ లివర్ పరీక్షలు బాగున్నాయి కాబట్టి నా మొదటి అనుమానం లివర్ మీద లేదు. మీ జబ్బులో శరీరంలోని రక్షణ వ్యవస్థ సొంత లివర్ కణాలనే శత్రువులుగా పొరబడుతుంది. ఆ పొరపాటు నరాల పైపొర మీద కూడా పడడం ఉంది కానీ అరుదు. అలాంటప్పుడు మంటతో ఆగదు, వారాల వ్యవధిలో బలం తగ్గుతుంది, పాదం వేలాడిపోతుంది, చెప్పు జారిపోతున్నా తెలియదు. అలా అయితే మాత్రం ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టును కలవాలి.

మరి మీ విషయంలో మొదట చూడవలసిందేమిటంటే, మధుమేహం. ‘షుగరు చూపించుకున్నాను, లేదు’ అని చాలామంది అంటారు, కానీ వారు చూపించుకున్నది పరగడుపున. ఉదయం వేసుకున్న ప్రెడ్నిసొలోన్ ప్రభావం మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో ఎక్కువగా కనిపిస్తుంది. తెల్లవారేసరికి చక్కెర మామూలుకు వచ్చేస్తుంది. కాబట్టి మీరు మధ్యాహ్నం భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు పరీక్ష చేయించుకోండి. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా చేయించండి, అయితే రక్తహీనత గానీ సిర్రోసిస్ గానీ ఉంటే అది సరైన అంకె చూపకపోవచ్చని గుర్తుంచుకోవాలి.

తర్వాతది బి12. చేపలు, గుడ్లు తింటాను కదా అనుకోవచ్చు. కానీ ఆటోఇమ్యూన్ జబ్బులు తరచూ ఒంటరిగా రావు, వాటికి చుట్టరికాలు ఎక్కువ. లివర్ మీద దాడి చేసే శరీరమే కడుపులో బి12ను అందుకునే ఏర్పాటు మీద కూడా దాడి చేయవచ్చు. అప్పుడు తిన్నది తిన్నట్టే పోతుంది. ఇక్కడొక చిక్కు ఉంది. బి12 నిల్వలు ఉండేది లివర్‌లోనే కనుక, లివర్ దెబ్బతిన్నప్పుడు అది రక్తంలోకి కారి, లోపం ఉన్నా అంకె బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. నరాల బలహీనతకని వేసే సూదుల్లో సాధారణంగా ఉండేది బి12యే; అవి పది వేయించుకున్న తర్వాత అయితే అంకె ఎలాగూ ఎక్కువగానే వస్తుంది. అందుకే కారణం తెలియకుండా సూదులు వేయవద్దని నేను మొత్తుకునేది. రోగం తగ్గలేదు సరికదా, దాన్ని పట్టుకునే దారి కూడా మూసుకుపోయింది. అలాంటి సందర్భంలో, బి12 తగ్గితే రక్తంలో పెరిగే హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ ఆమ్లం అనే పదార్థాల పరీక్షలు కొంత ఉపయోగపడతాయి, కానీ సూదుల ప్రభావం వాటి మీదా ఉంటుంది. కాబట్టి ఏ సూది, ఎన్నిసార్లు వేశారో కాగితం మీద రాయించి తీసుకువెళ్లండి. ఆ సూదుల్లో తరచూ బి6 కూడా కలిపి ఉంటుంది. బి6ను పెద్ద మోతాదులో నెలల తరబడి తీసుకుంటే అదే నరాలను దెబ్బతీస్తుంది. ఇక ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి వచ్చే ప్రమాదం ఉండనే ఉంది; ఇప్పటికే లివర్ జబ్బు ఉన్న మనిషికి అంతకన్నా అన్యాయం లేదు.

మీరు చేతి వేళ్ల గురించి రాసిన మాట నన్ను కాసేపు ఆపింది. నడుము నుంచి కాలి బొటనవేలి దాకా వెళ్లే తంతువు దాదాపు మీటరు పొడవుంటుంది. అది అన్నిటికన్నా పొడవైనది కాబట్టి మొదట దెబ్బతినేది దాని కొసే. మొద్దుబారడం పాదాల నుంచి పైకి పాకి మోకాళ్ల దగ్గరికి చేరేసరికి చేతి వేళ్ల కొసల్లో మొదలవుతుంది. మీకు కాళ్లలో అది ఇంకా అరికాళ్లకే పరిమితమై ఉంటే, చేతులది వేరే కథ కావచ్చు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు మాత్రమే తిమ్మిరెక్కి, రాత్రి నిద్రలో లేచి చెయ్యి విదిలిస్తే హాయిగా అనిపిస్తుంటే, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతున్నట్టు. రోజంతా మణికట్టు తిప్పుతూ చేసే మీ పనిలో అది సహజమే, థైరాయిడ్ తగ్గినవారిలో మరీ ఎక్కువ. థైరాయిడ్ కూడా ఆటోఇమ్యూన్ చుట్టాల్లో ఒకటి కనుక ఆ పరీక్ష తప్పనిసరి. కళ్లలో ఇసుక పడినట్లు, నోరు ఎండిపోయి అన్నం ముద్ద దిగనట్లు ఉంటోందా అన్నది కూడా డాక్టరుకు చెప్పండి. షోగ్రెన్ అనే మరో చుట్టం నరాలను నేరుగా బాధిస్తుంది.

మీది ఉద్దానం పరిసరమే కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా ఏ నిర్ణయానికీ రావద్దు. ఆ ప్రాంతంలో కారణం తేలని కిడ్నీ జబ్బు ఎంతమందిని పీడిస్తోందో మీకు నేను చెప్పనవసరం లేదు. కిడ్నీలు దెబ్బతింటే నరాలూ దెబ్బతింటాయి. అంతేకాదు, మంటలకు ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ లివర్‌కు భారం కావు, కిడ్నీల ద్వారా బయటికి పోతాయి. కాబట్టి కిడ్నీ పనితీరును బట్టి మోతాదు తగ్గించవలసి ఉంటుంది. అదే కోవలో వాడే డ్యులోక్సిటిన్ దీర్ఘకాల లివర్ జబ్బు ఉన్నవారికి పనికిరాదు. మందుల దుకాణంలో అడిగి కొనుక్కునే డైక్లోఫినాక్ లాంటి నొప్పి బిళ్లలు లివర్, కిడ్నీ రెండింటికీ చేటు. చర్మం మీద స్పర్శ తెలియని మచ్చ ఏదైనా ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి. కుష్ఠు మన ప్రాంతం నుంచి పూర్తిగా పోలేదు. దానికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులతో నయమవుతుంది, సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

స్టెరాయిడ్ నరాన్ని చంపుతుందని ఇంట్లో అన్న మాటలో ఒక చిన్న నిజం దాగి ఉంది. అది దెబ్బతీసేది తొడల, భుజాల కండరాలను. కింద కూర్చుంటే చేతులు ఊనకుండా లేవలేకపోవడం, ఎత్తుగా ఉన్న బస్సు మెట్టు ఎక్కలేకపోవడం దాని గుర్తులు. అందులో మంట, తిమ్మిరి ఉండవు. ఆ లక్షణం ఉంటే మోతాదు తగ్గించే వీలుందేమో మీ డాక్టరుతో మాట్లాడవచ్చు.

నరాల వేగాన్ని కొలిచే పరీక్ష చేస్తే ఫలితం మామూలుగా రావచ్చు. అంతమాత్రాన ‘ఏమీ లేదు, భ్రమ’ అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ పరీక్ష లావు తంతువులనే కొలుస్తుంది. మంటను మోసే సన్న తంతువులు దానికి అందవు. ఈలోగా చెప్పులు లేకుండా నడవకండి, వేడినీళ్లు మోచేతితో చూసుకోండి, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోండి. గ్లౌజులు లేకుండా పిక్కలు ఒలవకండి. జీడి పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుందని మీకు తెలుసు, కానీ మొద్దుబారిన వేలికి ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. స్టెరాయిడ్ వాడుతున్న ఒంట్లో పుండు మానడం కూడా ఆలస్యమే.

ప్రశ్న: మాది విజయనగరం. మా అమ్మగారికి 58 ఏళ్లు, బరువు 45 కిలోలు. ఐదేళ్లుగా ప్రైమరీ బైలియరీ కొలాంజైటిస్‌కు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ రోజుకు 600 మిల్లీగ్రాములు వాడుతున్నారు. దురదకు కొలెస్టిరమిన్ పొడి ఇచ్చారు. కళ్ల పచ్చదనం పూర్తిగా పోలేదు. ఏడాదిగా చీకట్లో తూలుతున్నారు. మొన్న పైడితల్లి అమ్మవారి పండుగకు వెళ్లి సందె వేళ జనంలో పడిపోయారు. ముఖం కడుక్కునేటప్పుడు కళ్లు మూయగానే పక్కకు ఒరిగిపోతున్నారు. వయసు వల్ల అనుకోవచ్చా?

జవాబు: 58 ఏళ్లు తూలే వయసు కాదు. కళ్లు మూయగానే ఒరిగిపోతున్నారని మీరు గమనించి రాయడం వల్ల సగం పని అయింది. మన పాదం నేల మీద ఎక్కడుందో, మడమ ఎటు వాలిందో కళ్లతో చూడకుండానే మెదడుకు తెలుస్తుంది. ఆ కబురును మోసే నరాలు వేరే ఉన్నాయి. అవి దెబ్బతింటే మనిషి కళ్లతో సర్దుకుంటూ నడుస్తాడు. చీకటి పడినా, సబ్బునురగకు కళ్లు మూసినా ఆ ఆధారం పోతుంది.

ఈ జబ్బులో లివర్ లోపలి సన్నని పైత్యనాళాలు మెల్లమెల్లగా నాశనమై, పైత్యరసం పేగుకు చేరడం తగ్గుతుంది. పైత్యరసం లేనిదే కొవ్వు అరగదు. కొవ్వు అరగకపోతే అందులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు. పచ్చదనం ఏళ్ల తరబడి నిలిచిపోయినవారిలో ఇది మరీ ఎక్కువ. నరాలకు, వెన్నుపాముకు అవసరమైనది వాటిలో విటమిన్ ఇ. అది తగ్గితే సరిగ్గా మీరు రాసినట్టే జరుగుతుంది. దురద తగ్గించే కొలెస్టిరమిన్ పొడి పేగులో పైత్య లవణాలను పట్టుకుని బయటికి పంపుతుంది, దాంతో ఈ విటమిన్లు ఇంకా తగ్గుతాయి. ఆ పొడి ఇతర మందులను కూడా పట్టేసుకుంటుంది కనుక, అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్‌కూ దానికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. రెండూ కలిపి ఉదయాన్నే వేస్తుంటే అసలు మందు చెత్తబుట్టలో వేసినట్టే; ముందు ఈ సంగతి సరిచూడండి.

విటమిన్ ఇ పరీక్ష రాసిన డాక్టరుకు మొత్తం కొలెస్టరాల్ అంకె కూడా చూపించండి. ఈ జబ్బులో కొలెస్టరాల్ పెరుగుతుంది, విటమిన్ ఇ దాన్ని అంటిపెట్టుకుని తిరుగుతుంది. అందువల్ల కొవ్వుతో పోల్చి చూడకపోతే ఉన్న లోపం కనిపించకపోవచ్చు. దాంతోపాటు బి12, థైరాయిడ్, మెడ ఎముకల దగ్గర వెన్నుపాము నొక్కుకుపోవడం కూడా చూడాలి, ఎందుకంటే అవీ ఇలాగే తూలిస్తాయి. లోపం తేలితే మందు మోతాదు డాక్టరే నిర్ణయించాలి. దుకాణంలో దొరికే మామూలు విటమిన్ ఇ గొట్టం మాత్ర (క్యాప్సూల్) పైత్యరసం లేని పేగులో సరిగా ఇంకదు. తొందరగా పట్టుకుంటే ఈ తూలు ముదరకుండా చాలావరకు ఆగుతుంది, పోయిన పట్టు కొంత తిరిగి వస్తుంది. ఏళ్లు గడిస్తే అంతగా రాదు. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయేమో కూడా అమ్మగారిని అడగండి. ఈ జబ్బులో రక్తపోటును సర్దే నరాలు మందగించడం ఉంది, విపరీతమైన నిస్సత్తువకు అదీ ఒక కారణం కావచ్చు. పడుకున్నప్పుడు, నిలబడిన మూడు నిమిషాలకు బీపీ చూస్తే తేలిపోతుంది. అంతవరకు మంచం దగ్గర, బాత్‌రూమ్ దారిలో రాత్రంతా చిన్న బల్బు వెలగనివ్వండి.

ప్రశ్న: మావారికి 61 ఏళ్లు, బొబ్బిలిలో ఉపాధ్యాయుడిగా రిటైరయ్యారు. ఆటోఇమ్యూన్ లివర్ జబ్బు ముదిరి సిర్రోసిస్ అయిందన్నారు. నెల రోజులుగా చేతులు ఆడుతున్నాయి, పగలు నిద్ర, రాత్రి మెలకువ. బ్యాంకులో సంతకం కలవలేదని చెక్కు వెనక్కి ఇచ్చారు. లివర్‌కు బరువని పప్పు, గుడ్లు మాన్పించాం. ఇది నరాల జబ్బేనా?

జవాబు: ఇది చేతి నరాల జబ్బు కాదమ్మా, మెదడు సంగతి. పేగుల్లో తయారయ్యే అమోనియా లాంటి వ్యర్థాలను లివర్ శుభ్రం చేయలేకపోతే అవి మెదడును మసకబారుస్తాయి. రాత్రీపగలూ తారుమారు కావడం, దస్తూరీ మారడం దాని తొలి గుర్తులు. చేతులు ముందుకు చాచి, ఆగమని సైగ చేసినట్టు మణికట్టు దగ్గర పైకి వంచి పట్టమంటే పక్షి రెక్కల్లా కిందికీ పైకీ కొట్టుకుంటున్నాయేమో చూడండి. ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగకుండా మీరు ఆసుపత్రికి వెళ్లి ఉంటారని ఆశిస్తున్నాను. వెళ్లకపోతే ఈ రోజే వెళ్లండి.

దీన్ని రెచ్చగొట్టేది తరచూ చిన్న విషయమే. రెండు రోజుల మలబద్ధకం, జ్వరం, నీరు తగ్గించే మాత్రలు ఎక్కువ కావడం, నల్లటి విరేచనంగా కనిపించే లోపలి రక్తస్రావం, నిద్ర పట్టడం లేదని వేసిన నిద్రమాత్ర. నిద్రమాత్ర మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయవద్దు. లాక్టులోజ్ సిరప్ రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా సర్దుకోవాలి. అది విరేచనాల మందు కాదు, మెదడుకు మందు. విరేచనం అయింది కదా అని ఆపేస్తారు, అక్కడే దెబ్బతింటారు. మళ్లీ మళ్లీ వస్తుంటే రిఫాక్సిమిన్ అనే మందు కలుపుతారు.

పప్పు, గుడ్లు మాన్పించడం ఒకప్పుడు వైద్యులే చెప్పిన సలహా. ఆ తప్పులో మా తరం వారికీ వాటా ఉంది. ఇప్పుడు అలా చెప్పడం లేదు. లివర్ పని మానుకున్నప్పుడు అమోనియాను కొంతవరకు కండరాలే శుభ్రం చేస్తాయి. మాంసకృత్తులు ఆపితే కండ కరిగి అమోనియా ఇంకా పెరుగుతుంది. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పప్పు, పెరుగు, గుడ్డు అన్నీ మళ్లీ మొదలుపెట్టండి. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంచకుండా పడుకునే ముందు ఒక గ్లాసు చోడి అంబలి గానీ పాలు గానీ ఇవ్వండి. బాగా తేరుకునేదాకా స్కూటర్ తాళం మీ దగ్గరే ఉంచుకోండి. ఆయనకు కోపం రావచ్చు, ఫర్వాలేదు.

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు, నరసన్నపేట దగ్గర పల్లెటూరు. లివర్ వాపు, ఏ.ఎన్.ఏ. (సొంత కణాల మీదికే వెళ్లే యాంటీబాడీల రక్తపరీక్ష) పాజిటివ్ అని చెప్పి ఆటోఇమ్యూన్ మందులు ఇస్తున్నారు. ఆరు నెలలైనా తగ్గలేదు. ఇప్పుడు మాట ముద్దగా వస్తోంది, పెన్ను పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. మాది మేనరికం.

జవాబు: ఈ వయసులో లివర్ జబ్బుతో పాటు మాటా చెయ్యీ తడబడితే విల్సన్ వ్యాధి కాదని తేలేదాకా ఆటోఇమ్యూన్ అని నమ్మకూడదు. ఒంట్లోని రాగిని లివర్ బయటికి పంపలేక, అది లివర్‌లోనూ మెదడులోనూ పేరుకుపోయే పుట్టుకతో వచ్చే లోపం అది. అందులోనూ ఏ.ఎన్.ఏ. పాజిటివ్ రావచ్చు, అందుకే పొరపాటు పడతారు. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం ఉందేమో చూస్తారు. మాట, వణుకు మొదలైనవారిలో అది దాదాపు అందరికీ కనిపిస్తుంది. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి పరీక్షలు చేయించాలి. తేలితే మందులు జీవితాంతం వాడాలి. వాడినవారు చదువుకుని, ఉద్యోగాలు చేసుకుంటూ ఉంటారు. ఇప్పుడు వాడుతున్న స్టెరాయిడ్‌ను మాత్రం, జబ్బు పేరు మారిందని మీ అంతట మీరు ఆపకండి.

మేనరికాల్లో ఇలాంటి లోపాలు బయటపడే అవకాశం ఎక్కువ. అబ్బాయికి విల్సన్ అని తేలితే, అతని తోడబుట్టిన ప్రతి ఒక్కరికీ అది ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. పైకి ఆరోగ్యంగా కనిపించినా సరే, వాళ్లకూ ఆ వారంలోనే ఇవే పరీక్షలు చేయించండి. లక్షణాలు రాకముందే మందు మొదలుపెడితే వాళ్ల మెదడు దాకా రాగి చేరదు.